అంచున రాసిన జవాబు

మా ఆర్చిబిషప్పు డాక్టర్ టార్పీగారికి కాగితం వృథా అయితే ఒళ్లుమంట. ఆయనకు ఎవరైనా ఉత్తరం రాస్తే కొత్త కాగితం తీసేవారు కాదు. మన ఉత్తరానికే ఎడమవైపు అంచున చీమల బారులాంటి అక్షరాలతో జవాబు రాసి, కింద ఒక చిన్న శిలువ గుర్తు వేసి, దాన్నే వెనక్కి పంపించేవారు. మా కిల్‌మొరన్‌లో అలాంటి ఉత్తరాలకు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్లు ఉన్నారు. మా వంటింట్లోనూ ఒకటుంది. దాని ఎదురుగా కూర్చుని టీ తాగినప్పుడల్లా ముగ్గురిని తలచుకుని దండం పెట్టుకుంటాను. మా ఆయన కోల్మన్ మాత్రం, "దండం సంగతి సరే, దాని మీద దుమ్ము ఎప్పుడు దులుపుతావు?" అంటాడు.

1950 నాటి మాట. అప్పటికి నేను ఇంకా డింఫ్నా లావెల్‌నే. యుద్ధం ఏళ్లన్నీ ఇంగ్లండులో, కోవెంట్రీలోని ఒక ఫ్యాక్టరీలో గడిపాను. అమ్మకు జబ్బు ముదిరితే తిరిగొచ్చాను. ఆమె పోయాక ఇక్కడే ఉండిపోయాను. పాలకేంద్రంలో డబ్బాలు మోసే కోల్మన్ గార్వీ నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడగడానికి రెండేళ్లు తీసుకున్నాడు. నేను సరేననడానికి రెండు క్షణాలు కూడా తీసుకోలేదు. ఇద్దరికీ వయసు మీరింది, ఇంక బెట్టు చేయడానికి ఏముంది?

చిక్కల్లా ఇంటి దగ్గరే వచ్చింది. కౌంటీవాళ్లు, అంటే మా జిల్లా బోర్డువాళ్లు, ఊరి చివర కొత్త ఇళ్లు కట్టారు. ఒకటి కోల్మన్ పేరున వచ్చింది. కానీ పెళ్లయినవాళ్లకే తాళం చెవి ఇస్తారు, అదీ తపస్సుకాలం మొదటి వారంలో. తపస్సుకాలం మొదలైందంటే ఈస్టరు దాకా గుడిలో పెళ్లిళ్లు ఉండవు. అంటే ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం లోపల మా పెళ్లి అయిపోవాలి. కాకపోతే ఇల్లు మరొకరికి పోతుంది. కోల్మన్ అప్పటికి వాళ్ల అన్న ఇంట్లో అటక మీద పడుకుంటున్నాడు. వదిన ఆ అటక కూడా ఖాళీ చేయమంటోంది. ఇల్లు రాకపోతే ఇంగ్లండు వెళ్లి రోడ్డు పనిలో చేరతానన్నాడు. పడవెక్కినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారో నాకు తెలుసు.

ఇంటికి పెళ్లి అడ్డం. పెళ్లికి కాగితం అడ్డం. మనం బతికిన ప్రతి విచారణ నుంచీ, అంటే ప్రతి గుడి పరిధి నుంచీ, 'ఈ మనిషికి ఇక్కడ పెళ్లి కాలేదు' అని అక్కడి గురువు రాసిచ్చిన పత్రం తేవాలి. కోవెంట్రీలో మా గుడి బాంబు పడి రిజిస్టర్లతో సహా కాలిపోయింది. నన్ను ఎరిగిన ముసలి ఫాదరుగారు పోయారు. కొత్తగా వచ్చిన ఫాదరు, 'ఈమె ఎవరో నాకు తెలియదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

ఆ ముక్క పట్టుకుని మా విచారణ గురువు, 'కేనన్' అని బిరుదున్న ప్రంటీగారి దగ్గరికి వెళ్లాను. ఎత్తుగా, ఎండిన కట్టెలా ఉండేవారు. నవ్వితే పళ్లు అరిగిపోతాయన్నట్టు ఉండేవారు.

"కాగితం లేందే పెళ్లి లేదమ్మాయ్," అన్నారు.

"గుడే తగలబడిపోతే కాగితం ఎక్కణ్ణించి తేను ఫాదర్? బూడిద తెమ్మంటారా?"

"విభూది బుధవారానికి కావలసిన బూడిద నా దగ్గరే ఉంది. నాకు కావలసింది కాగితం."

"అంటే నాకు అక్కడో మొగుడున్నాడని మీ అనుమానమా?"

ఆయన కిటికీ వైపు చూశారు. "నా అనుమానంతో పనిలేదు. రూలు రూలే. కాగితం లేకపోతే సాక్షి కావాలి. ఆ ఏళ్లలో నువ్వెలా బతికావో బాగా ఎరిగినవాళ్లు. వెతుకుతున్నాను."

ఆ చివరి మాట నేను పట్టించుకోలేదు. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. పైగా ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. పోస్టాఫీసులో స్టాంపులమ్మే మిస్ కాసిన్, నేను వినేలాగే, "నిప్పు లేందే పొగ రాదు కదా," అంది. ఇంటికొచ్చి టోపీ కూడా తీయకుండా ఆర్చిబిషప్పుగారికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఇక్కడ నా దస్తూరీ గురించి ఒక మాట చెప్పాలి. కోడి గెలికినట్టుంటుంది. బడిలో సిస్టర్లు కొట్టి చూశారు, బతిమాలి చూశారు. ఫ్యాక్టరీలో మేస్త్రీ నా చీటీలను నాచేతే చదివించుకునేవాడు. అయినా ఇంగ్లండులో ఉన్నంతకాలం వారం వారం అమ్మకు ఉత్తరం రాశాను. అమ్మకు చదువు రాదు. మిస్ కాసిన్ వచ్చి చదివి పెడుతోందనీ, జవాబు కూడా ఆమెచేతే రాయిస్తున్నాననీ మొదటి జవాబులోనే చెప్పింది. అచ్చక్షరాల్లా విడివిడిగా రాసిన ఆ జవాబులే నన్ను బతికించాయి. బాంబులు పడే రోజుల్లో నేలమాళిగలో దుప్పటి కప్పుకుని అవే మళ్లీ మళ్లీ చదువుకునేదాన్ని. ఒకసారి నేను, 'మన కేనన్‌గారి ప్రసంగం మొదలై ముగిసేలోపు కోడి గుడ్డు పెట్టేస్తుంది' అని రాశాను. దానికి జవాబులో చివరి వాక్యం: 'కేనన్‌గారి ప్రసంగం ఈ మధ్య కాస్త పొట్టిదయిందే అమ్మాయ్.' అప్పట్నుంచి ప్రతి ఉత్తరం ఆ మాటతోనే ముగిసేది. అమ్మకు ఇంత కొంటెతనం ఎక్కణ్ణించి వచ్చిందా అనుకునేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు మిస్ కాసిన్‌కు కృతజ్ఞతగా ఒక ఆకుపచ్చ పట్టు రుమాలు తెచ్చిచ్చాను. కిమ్మనకుండా తీసుకుంది.

ఆర్చిబిషప్పుగారికి ఉన్నదంతా రాశాను. గుడి కాలిన సంగతి, ఇంటి సంగతి, కోల్మన్ అటక సంగతి. అంతటితో ఆగితే బాగుండేది. 'మా కేనన్‌గారు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం, ఏలినవారే ఆయనకు నాలుగో కాలు చూపించాలి' అని కూడా రాశాను. చెయ్యి తిరిగింది కదా అని ప్రసంగం మాట, కోడి మాట కూడా జోడించాను. ఊరి పేరూ నా పేరూ మాత్రం అచ్చులో ఉన్నట్టు విడివిడిగా రాసి, పోస్టులో వేసి, బరువు దించుకున్నట్టు ఊపిరి పీల్చుకున్నాను.

కొన్నాళ్లకు కేనన్‌గారు కబురు పెట్టారు. వెళ్లేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఓ తెల్లకాగితం, సిరాబుడ్డి. పక్కన నా ఉత్తరం.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆర్చిబిషప్పుగారి ఆఫీసులో ఒక రూలు ఉందట. ఏ విచారణ మనిషి ఏ ఫిర్యాదు రాసినా, అది ముందు ఆ విచారణ గురువు దగ్గరికే వస్తుంది. ఎవరి మీద రాశామో ఆయన చేతికే! ఆ రూలు తెలిసుంటే కుందేటి జోలికి పోయేదాన్నా?

"అంచు చూడు," అన్నారు కేనన్‌గారు.

చూశాను. 'ఈ దస్తూరీ ఇక్కడ ఎవరికీ అంతుపట్టలేదు. విచారణ గురువు చదివి, ఉన్నది ఉన్నట్టు శుభ్రంగా తిరగరాసి, తమ అభిప్రాయంతో పంపవలెను.' కింద శిలువ గుర్తు.

"చదువుతూ రాస్తాను. తప్పుంటే చెప్పు," అని కలం ముంచారు. గుడి కాలిన భాగం రాశారు, ఇంటి భాగం రాశారు. తర్వాత అదే గొంతుతో, "'మా కేనన్‌గారు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం...' కుందేలే కదా?"

"అది తీసెయ్యండి ఫాదర్. మీకు పుణ్యముంటుంది."

"ఉన్నది ఉన్నట్టు అన్నారమ్మాయ్. ఏలినవారి ఆజ్ఞ." రాశారు. నాలుగో కాలు కూడా రాశారు. "'ఆయన ప్రసంగం ముగిసేలోపు కోడి గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లల్ని కూడా లేపుతుంది.' పిల్లల్ని లేపడం కొత్తగా కలిపావే!"

సిగ్గుతో చితికిపోతున్నదాన్ని, ఆ 'కొత్తగా' అన్న మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఇంకొకటి కూడా గమనించాను. నా గెలుకుడు రాతను ఆయన ఎక్కడా ఆగకుండా, కళ్లు చికిలించకుండా గడగడా చదివేశారు. చదువుకున్న మనిషి కదా అని సరిపెట్టుకున్నాను. క్షమించమని అడిగితే, "ముందు పెళ్లి సంగతి చూద్దాం," అని నకలుకు నా ఉత్తరం కూడా జతచేసి పంపించారు.

తపస్సుకాలానికి ముందు శనివారం నన్నూ, కేనన్‌గారినీ తానుండే ఆర్డ్‌కారిక్ రమ్మని ఆర్చిబిషప్పుగారి నుంచి తంతి వచ్చింది. కేనన్‌గారి పాత కారులో బయల్దేరాం. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. మంగళవారం దాటితే కోల్మన్ వెళ్లిపోతాడు. పెట్టె సర్ది పెట్టుకున్నాడని వాళ్ల వదిన అప్పటికే ఊరంతా చెప్పేసింది.

తలుపు తీసింది సెక్రటరీ ఫాదర్ అల్టన్. కుర్ర ఫాదరు, నవ్వుమొహం. "ఆ ఉత్తరం రాసింది మీరేనా? మేం ముగ్గురం పట్టుకుని కుస్తీ పట్టామండీ. చివరికి తలకిందులుగా తిప్పి కూడా చూశాం," అన్నాడు. లోపల గదిలో గోడ కనబడకుండా ఉత్తరాల కట్టలు. ఊరికో కట్ట, కట్టకో ఎర్ర నాడా. వాటి మధ్య ఆర్చిబిషప్పుగారు. పొట్టి మనిషి, వేళ్లకు సిరా. పక్కన పళ్లెంలో ఉడికించిన గుడ్డు ఎప్పుడో చల్లారిపోయినట్టుంది. ఒంగి ఉంగరం ముద్దుపెట్టుకున్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "కేనన్, నాకొక సందేహం," అన్నారు. "మా ఇంట్లో ముగ్గురు చదవలేని ఉత్తరం. మీరు ఒక్కచోట కూడా ఖాళీ వదలకుండా తిరగరాశారు. మిమ్మల్ని తిట్టిన ముక్కలతో సహా. ఎలా చదివారు?"

కేనన్‌గారి మొహం పాలిపోయింది. "అలవాటండీ."

"ఈ రాత అలవాటా? ఎక్కడ?"

"చెప్పకూడదండీ. మాటిచ్చాను."

"పాపసంకీర్తనంలో విన్న రహస్యమా?"

"కాదండీ. ఒక తల్లికి."

ఆర్చిబిషప్పుగారు కలం కింద పెట్టారు. "ఆ తల్లి ఉందా?"

"పోయిందండీ. మూడేళ్లయింది."

"ఆ మాట ఎందుకు అడిగింది?"

కేనన్‌గారు నా వైపు తిరిగారు. అదే మొదటిసారి ఆయన నన్ను తిన్నగా చూడటం. "మీ అమ్మకు కాళ్లు పడిపోయాక ప్రతి శుక్రవారం సత్ప్రసాదం పట్టుకెళ్లేవాణ్ణమ్మా. నీ ఉత్తరం గడియారం వెనక దాచి ఉంచేది, నేనొచ్చి విప్పేదాకా. మిస్ కాసిన్ ఒకసారి చూసి, ఇది చదవడం నావల్ల కాదని తిరిగిచ్చేసిందట. నాకూ మొదట్లో ఒక్కో ఉత్తరానికి ఒక పూట పట్టేది. మీ అమ్మ ఏమందో తెలుసా? 'ఫాదరు చదువుతున్నాడని తెలిస్తే నా పిల్ల అన్నీ జపమాల కబుర్లే రాస్తుంది. నాకు నా పిల్ల కావాలి గానీ పునీతురాలు కాదు. మీరని చెప్పొద్దు,' అంది. ఒట్టేయించుకుంది."

అమ్మ గొంతు అలాగే వినిపించింది.

ఆర్చిబిషప్పుగారు కలం మళ్లీ అందుకున్నారు. "ఆ మాట ఉత్తరాలు ఆగకూడదని అడిగింది. ఉత్తరాలు ఎప్పుడో ఆగిపోయాయి. మాట తన పని తాను చేసేసింది, కేనన్. ఇంక దాన్ని మోయక్కర్లేదు. ఫాదర్ అల్టన్, సువార్త గ్రంథం తెండి."

సాక్షి ప్రమాణానికి ఒక పద్ధతి ఉంది. నీకు ఏం తెలుసు అని అడిగి ఊరుకోరు, నీకు ఎలా తెలుసు అని కూడా అడుగుతారు. జవాబు అందరి ఎదుటా చెప్పాలి. కేనన్‌గారు గ్రంథం మీద చెయ్యి వేసి కోవెంట్రీలో నా బతుకంతా చెప్పారు. నేను ఏ ఇంట్లో, ఎవరితో గది పంచుకున్నానో. పక్క మంచం పిల్ల చనిపోతే ఎన్నాళ్లు తిండి సయించలేదో. ఏ క్రిస్మసుకు సెలవివ్వకపోతే ఎంత ఏడ్చానో. నేను మరిచిపోయినవి కూడా ఆయనకు గుర్తున్నాయి.

"పెళ్లి మాట ఎప్పుడైనా వచ్చిందా?" అన్నారు ఆర్చిబిషప్పుగారు.

"వచ్చిందండీ. పెర్సీ అని ఒకతను అడిగాడు. టోపీ తీయకుండా భోంచేస్తాడని వద్దంది. ఆ ఉత్తరం వాళ్లమ్మ రెండుసార్లు చదివించుకుంది."

ఫాదర్ అల్టన్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. నాకు మాత్రం నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఎవరి ఎదుట ఉన్నానో కూడా మరిచిపోయి అడిగేశాను.

"మరి ఆ ప్రసంగం పొట్టిదయిందన్న మాట?"

కేనన్‌గారి చెవులు ఎర్రబడ్డాయి. "అది మీ అమ్మ చెప్పింది కాదమ్మా. నేనే కలిపాను. పరాయి దేశంలో, బాంబుల కింద ఉన్న పిల్ల, కాస్త నవ్వుకుంటుందని. అబద్ధం కాదు. నిజంగానే కొంచెం తగ్గించాను."

"ఇంకొంచెం తగ్గించవచ్చు," అన్నారు ఆర్చిబిషప్పుగారు తల ఎత్తకుండా. అప్పటికే నా ఉత్తరం అంచున రాస్తున్నారు. రెండో వైపు అంచు మిగిలుంది కదా. 'సాక్ష్యం చాలినది. పెళ్లి జరపవచ్చును.' శిలువ గుర్తు. చేతికిచ్చే ముందు ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తీసుకుని, దాని కింద మరో ముక్క రాశారు. 'దస్తూరీ బాగుచేసుకోవలెను.'

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "కేనన్, శుక్రవారాలు మంచిపని చేశారు." అంతే. తర్వాత కట్టకు నాడా ముడివేస్తున్న చప్పుడు. నా తర్వాత ఏ ఊరివాళ్ల కష్టం విప్పారో! ఆ చల్లారిన గుడ్డు ఆ రోజైనా తిన్నారో లేదో.

కారులో ఊరు సగం దూరంలో ఉందనగా, "ముందే చెప్పేస్తే సరిపోయేదిగా ఫాదర్. నా చేత ఆ తిట్లన్నీ రాయించారు," అన్నాను.

"వేరే సాక్షి దొరుకుతారేమోనని కోవెంట్రీకి రాస్తూనే ఉన్నాను. దొరికితే మీ అమ్మ మాట నిలబడేది. సోమవారం దాకా చూసి, ఇంక దిక్కులేకపోతే ఏలినవారి కాళ్ల మీద పడదామనుకున్నాను. ఆయన నీ దస్తూరీ చూసి పట్టేశారు."

"మిమ్మల్ని అన్నేసి మాటలు రాశాను. ఆ ఏళ్లన్నీ. మీరే చదివారు."

"చదివాను. మీ అమ్మ పడీపడీ నవ్వేది. ఆమె నవ్వేది వారంలో ఆ ఒక్క రోజే కదా. నేనెందుకు మానేస్తాను?"

నాకు తండ్రి లేడు. ఉంటే ఇంతకంటే ఏం చేసేవాడు? "మీ రుణం ఎలా తీర్చుకోను ఫాదర్?" అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా జేబులోంచి చేతిరుమాలు తీసిచ్చారు. రుమాలు అనగానే నాకు ఇంకొకటి గుర్తొచ్చి కళ్లు తుడుచుకోవడం మానేశాను.

"మిస్ కాసిన్‌కి పట్టు రుమాలు ఇచ్చానే!"

"తెలుసు. ప్రతి ఆదివారం మెడకు కట్టుకుని ముందు వరసలో కూర్చుంటుంది. అది కనబడితే నాకు ప్రసంగం తప్పిపోతుంది." అప్పుడు నవ్వారు. ఆయన పళ్లు చూడటం అదే మొదటిసారి. అరిగిపోలేదు.

మంగళవారం పొద్దున్న పెళ్లి. కోల్మన్ అన్నగారి కోటు వేసుకొచ్చాడు, చేతులు పొట్టివి. గుడి నిండా జనం. పెళ్లి చూడటానికి కొందరు, పెళ్లి ఆగుతుందేమో చూడటానికి ఇంకొందరు. ముందు వరసలో ఆకుపచ్చ పట్టు రుమాలు మెరిసిపోతోంది. తాళంచెవి ఇంకో వారంలో మా చేతికి వస్తుంది, పెట్టెలో సర్దిన కోల్మన్ బట్టలు మా ఇంటికే వస్తాయి. ఉంగరాలు మార్చుకున్నాం. కేనన్‌గారు ప్రసంగానికి నిలబడ్డారు. అలవాటు ప్రకారం జనమంతా బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు, ఇద్దరు ముసలాళ్లు అప్పుడే కళ్లు మూసుకున్నారు.

ఆయన నన్ను చూశారు. తర్వాత కోల్మన్‌ను చూశారు.

"మీ ఇద్దరికీ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే అవసరం ఎన్నటికీ రాకుండుగాక," అన్నారు. అని కూర్చున్నారు.

అంతే ప్రసంగం. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కళ్లు మూసుకున్న ముసలాళ్లు ఉలిక్కిపడి లేచారు. నాకు మాత్రం, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మొదటిసారి, కేనన్‌గారు ఇంకాసేపు మాట్లాడితే బాగుండుననిపించింది.